దారి మీరే చెప్పండి

"నా కారు తాళాలు ఎవరు తీశారో మర్యాదగా చెప్పండి!"

మాస్టారు గుమ్మం పక్కన మేకు ముందు నిలబడి అరుస్తున్నారు. డ్రైవింగ్ స్కూలు తెల్లకారు తాళాలు వేలాడేది ఆ మేకుకే. ఇంట్లో గోడగడియారం ఆగిపోయిన రోజులున్నాయి, కుళాయి ఎండిపోయిన రోజులున్నాయి గానీ, కారు ఇంటి ముందు ఉండగా ఆ మేకు బోసిగా కనబడిన రోజు లేదు.

ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. క్లచ్ మీద కాలు వణికేవాళ్ళకీ, ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకునేవాళ్ళకీ "మెల్లిగా, మెల్లిగా" అని తప్ప ఇంకో మాట అనేవారు కాదు. అందుకే చాటున అందరూ మెల్లిగా మాస్టారనే పిలుచుకుంటారు. ఆ మెల్లిగా మాస్టారు ఇప్పుడు సోఫా మీది దిండు తీసి నేలకేసి కొట్టారు.

"నాన్నా, నిన్న మేకుకే తగిలించారా? ఒకసారి గుర్తు తెచ్చుకోండి," అన్నాడు కొడుకు, సోఫా కిందికి టార్చి వేసి చూస్తూ.

"తగిలించాను! నాకు గుర్తు లేదంటావా? మతి పోయిందంటావా?"

"నేనెక్కడన్నాను నాన్నా!"

"అనక్కర్లేదు. అందరి మొహాల మీదా రాసుంది."

పెద్దమ్మాయి బల్ల దగ్గర కూర్చుని చల్లారిపోయిన కాఫీ వైపు చూస్తోంది. పక్కవీధిలో కాపురం. అయినా పొద్దున అందరికన్నా ముందు ఈ గుమ్మం తొక్కేది, ఎర్రకారులో పాఠాలు చెప్పేది ఆమే. ఇవాళ ఇంకాస్త ముందే వచ్చింది. వచ్చి మేకు మీది తాళాలు తీసి, తలుపు వెనక వేలాడుతున్న తన రెయిన్‌కోటు జేబులో వేసింది. ఈ ఎండల్లో దాని జోలికి ఎవరూ పోరు.

చెప్పేస్తే ఈ గోల అణుగుతుంది. చెప్పేస్తే ఆయన తాళాలు లాక్కుని కిందికి దిగిపోతారు. పాఠానికి వచ్చే పళ్ళ డాక్టరమ్మ స్టీరింగు ముందు కూర్చుంటుంది. మళ్ళీ అదే చౌరస్తా.

నిన్న ఆ చౌరస్తాలో పచ్చదీపం వెలుగుతుండగా తెల్లకారు నడిమధ్యన ఆగిపోయింది. వెనకాల ఎర్రకారులో ఉన్న పెద్దమ్మాయి, డాక్టరమ్మ బండి ఆపేసిందేమో అనుకుంది. కాదు. మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే తొక్కడానికి. ఆయన కాలు దాని మీద బిగుసుకుపోయింది. పక్క రోడ్డులోంచి వచ్చిన లారీ వెంట్రుకవాసిలో తప్పుకుపోయింది. ఎందుకు తొక్కారు నాన్నా అని అడిగితే, "తొక్కాలనిపించింది," అన్నారు.

"నాన్నా," అంది పెద్దమ్మాయి లేచి. "తాళాల సంగతి తర్వాత చూద్దాం. ఎర్రకారులో నాతో రండి. నరాల డాక్టరు దగ్గర ఇవాళ్టికి టైము తీసుకున్నాను."

"ఎవరికి?"

"మీకే. ఒక్కసారి చూపించుకుంటే..."

"తాళాలు కనబడకపోతే డాక్టరా?" మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికావు. నిన్నెవరికి చూపించాలి?"

తమ్ముడు ఫక్కున నవ్వాడు. అది ఆయనకు కావలసిన నవ్వే. ఇంకాస్త గొంతు పెంచి, "నా సీట్లో కూర్చోవాలని ఉంటే సూటిగా అడుగు. పిచ్చివాణ్ణి చేసి దింపకు!" అన్నారు.

పెద్దమ్మాయి మొహం జేవురించింది. ఆ సీటు కావాలా తనకి? ఆయన పక్కన కూర్చునే క్లచ్ నేర్చుకున్న పిల్ల, ఆయన మాట పడిపోకూడదని మిగతా ఉద్యోగాలన్నీ వదులుకున్న పిల్ల.

మాస్టారు తన గదిలోకి వెళ్ళి సొరుగులు ఒకటొకటిగా లాగి పడేయడం మొదలుపెట్టారు.

"ఎందుకక్కా ఆయన్నలా రెచ్చగొడతావు?" తమ్ముడు నవ్వు మానేసి మీదికొచ్చాడు. "పెద్దాయనకి చిరాకులుండవా?"

"చిరాకా? ఏ పాఠంలోనైనా గొంతు పెంచడం విన్నావా ఇన్నేళ్ళలో? మొన్న ఒకతన్ని నడిరోడ్డు మీద దింపేసి వచ్చారు. చీట్లపేక స్నేహితులు పిలిస్తే వాళ్ళంతా మోసగాళ్ళని మానేశారు. వైపర్ అనే మాట రాక 'ఆ తుడిచేది, తుడిచేది' అని చేత్తో చూపిస్తున్నారు. ఇవన్నీ చిరాకేనా?"

"వయసక్కా! వయసు!"

"తాతయ్య తొంభై ఏళ్ళు బతికాడు. ఆయన పేర్లు మర్చిపోయేవాడు, కాసేపటికి నవ్వుకుంటూ తనే చెప్పేవాడు. నాన్న మర్చిపోయింది మళ్ళీ తిరిగి రావడం లేదురా."

"ఈ స్కూలు పేరు నువ్వు నిలబెట్టింది కాదు, ఆయన నిలబెట్టింది. కిందికెళ్ళి బోర్డు చదువు! దూరం నుంచి కూడా జనం ఎందుకొస్తున్నారో తెలుస్తుంది."

బోర్డు చదవక్కర్లేదు. పోయిన వేసవిలో వీడే రాయించాడు, ఎర్రటి పెద్దక్షరాలతో: 'దారి మీరే చెప్పండి! మాస్టారి ప్రత్యేక పద్ధతి.' ఇటు తిప్పు, అటు తిప్పు అని చెప్పడం మాస్టారు మానేసి ఏడాది దాటింది. నేర్చుకునేవాళ్ళనే అడుగుతారు, ఇప్పుడెటు వెళ్దాం, ఎందుకు, అని. దాంతో వాళ్ళకు ధైర్యం వస్తుందట. వస్తోంది కూడా. కాదనడానికి లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"మాస్టారు లేచారాండీ? టైమైపోయింది," అంటూ పళ్ళ డాక్టరమ్మ లోపలికి తొంగిచూసింది. నలభై దాటాక కారు నేర్చుకుంటున్న సంబరం ఆమెది. కింద పడున్న దిండు చూసి తగ్గింది. "నా మీద కోపం ఇంకా పోలేదా ఏంటి?"

"మీ మీద ఎందుకండీ?" అంది పెద్దమ్మాయి.

"నిన్న చౌరస్తాలో కాస్త చనువు తీసుకున్నాను లెండి. ఎప్పుడూ నన్నే అడుగుతారు కదా దారి. సరదాకి, 'ఈసారి మీరే చెప్పండి మాస్టారూ, ఎటు వెళ్దాం?' అన్నాను. అంతే, గట్టిగా బ్రేకు తొక్కేశారు. పాఠం మధ్యలో వేళాకోళాలేమిటని కాబోలు. తప్పు నాదే. కింద కూర్చుంటాను, మెల్లిగా రమ్మనండి."

ఆమె దిగిపోయింది. ఎంత సంతోషంగా వచ్చిందో అంత సంతోషంగానే దిగిపోయింది.

పెద్దమ్మాయి ఆ మాటల్నే మళ్ళీ మనసులో తిప్పుకుంది. ఎటు వెళ్దాం అని డాక్టరమ్మ అడిగింది. ఆయనకు తెలియలేదు. పుట్టిపెరిగిన ఊళ్ళో, రోజూ తిరిగే చౌరస్తాలో, ఎడమకు పోతే ఏముందో కుడికి పోతే ఏముందో తెలియలేదు. తెలియనప్పుడు డ్రైవరు చేసే పని ఒక్కటే. బ్రేకు తొక్కడం.

పద్ధతీ లేదు, ప్రత్యేకతా లేదు. దారి తెలియకే అడుగుతున్నారు ఏడాదిగా.

"విన్నావుగా?" అంది తమ్ముడితో.

"ఏం విన్నాను? ఆవిడ వేళాకోళమాడింది, ఆయనకి కోపమొచ్చింది. అంతేగా!" తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. వాడికీ అర్థమైంది. కానీ బోర్డు రాయించింది వాడు. "ఆవిడకి మంచినీళ్ళిచ్చొస్తా," అని జారుకున్నాడు.

వంటింట్లో తల్లి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పొయ్యి మీద గిన్నె లేదు. ఏదో అడుగుదామని వెళ్ళిన కూతురికి అడిగే అవకాశం ఇవ్వలేదు ఆవిడ.

"తాళాలు నువ్వే తీశావు."

పెద్దమ్మాయి సొరుగుల చప్పుడు వస్తున్న గది వైపు చూసింది.

"ఆయన చెయ్యనిది చేశాననుకునేలా చేస్తున్నావు. ఉన్న మతిని కూడా నువ్వే పోగొడుతున్నావు. కన్నకూతురివేనా నువ్వు?"

"ఉన్న మతి అన్నావు," అంది పెద్దమ్మాయి. "అంటే కొంత పోయిందని నీకు తెలుసు."

తల్లి గిన్నె ఒకటి తీసి పొయ్యి మీద ఠప్పున పెట్టింది. అందులో ఏమీ పొయ్యలేదు.

"మాట్లాడమ్మా!"

"ఏం మాట్లాడను? వయసు మీద పడితే మనిషి మారడా? చెప్పిందే చెప్తారు. చెప్పనీ! వినడానికి నేనున్నానుగా!"

"వినడం సరే. కారు కూడా నువ్వే నడుపుతావా?"

"ఇన్నాళ్ళూ నడిపిందెవరనుకున్నావు మరి!"

ఆ మాట ఆవిడ అనాలని అనలేదు. కోపంలో జారింది. జారాక వెనక్కి తీసుకోవడానికి కూడా చూడలేదు, చీరచెంగుతో పొడిగా ఉన్న చేతుల్నే తుడుచుకుంది.

తెల్లకారు వెనక సీట్లో తల్లి కూర్చోవడం పెద్దమ్మాయికి కొత్త కాదు. ఆడవాళ్ళు నేర్చుకునేటప్పుడు తోడుంటే వాళ్ళకు బెరుకుండదని ఏడాది కిందట మొదలుపెట్టింది. తర్వాత మగవాళ్ళ పాఠాలక్కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో ఊపిరాడటం లేదు, గాలికి తిరిగొస్తానంది. అందరూ నవ్వుకున్నారు. ఈ వయసులో మొగుణ్ణి వదిలి ఉండలేకపోతోందని ఏడిపించారు కూడా.

"చెప్పు," అంది పెద్దమ్మాయి. గొంతు తగ్గిపోయింది. ఆమె కోపం బాగా ముదిరినప్పుడు గొంతు తగ్గుతుంది.

"ఒకరోజు పెద్ద పోస్టాఫీసు దగ్గర తిరిగిన చోటే తిరిగాం. నేర్చుకునే కుర్రాడు సార్ ఎటు, సార్ ఎటు అంటున్నాడు. ఈయన మెడ మీద చెమటలు కారిపోతున్నాయి. వెనక నుంచి నేనే అన్నాను, 'బాబూ, దారి నువ్వే చెప్పు, మాస్టారు చూస్తారు,' అని. కుర్రాడు చక్కగా చెప్పాడు. ఈయన 'అదీ!' అన్నారు. మర్నాటి నుంచి అదే పద్ధతైపోయింది."

"ఆ పద్ధతి నువ్వు పెట్టిందా?"

"వాళ్ళు కూడా తప్పిపోతే, 'ఏవండీ, ఆ కుడివైపు కొట్లో దారం కొనాలి,' అంటాను. కుడికి తిప్పిస్తారు. 'ఎడమపక్క వీధిలో దర్జీని పలకరించాలి,' అంటాను. ఎడమకి తిప్పిస్తారు. అలా ఇంటికి తెచ్చేస్తాను."

బీరువా నిండా దారపుండలు! ఎందుకమ్మా ఇన్ని అని తనే వేళాకోళం చేసింది. పెద్దమ్మాయికి నవ్వొచ్చేలా ఉంది, ఆ నవ్వు మీద ఇంకా మంట పుట్టుకొచ్చింది.

"నిన్న నీకు జ్వరం," అంది. "నిన్న వెనక సీట్లో నువ్వు లేవు."

తల్లి పొయ్యి మీది ఖాళీ గిన్నెను పక్కకు జరిపింది.

"నువ్వు లేని మొదటిరోజే లారీ కింద పడబోయారు. ఆయన ఒక్కరే కాదు, ఇద్దరు పిల్లల తల్లి, ఆ డాక్టరమ్మ కూడా! ఏడాదమ్మా! ఏడాది కిందటే డాక్టరుకి చూపించాల్సింది. మతిమరుపు జబ్బుల్లో అల్జీమర్స్ అని ఒకటుంది, మొదట్లో ఇలాగే ఉంటుందట. తెలిసిన దారి తప్పడం, మాటలు దొరక్కపోవడం, మనుషుల్ని అనుమానించడం, ఊరికే కోపం రావడం..."

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తకు."

"నేనెత్తకపోతే పోతుందా? కాకపోతే కాదని డాక్టరే చెప్తాడు. వేరే ఏదైనా లోపమైతే మందుంటుందేమో. అయితే, కనీసం ఇప్పుడే తెలుస్తుంది. నువ్వు ఆయన్ని కాపాడలేదు. ఏడాది పోగొట్టావు!"

"పోగొట్టానా?" తల్లి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆ సీట్లోంచి దింపితే ఆయనలో ఏం మిగులుతుందే? చెప్పు! పొద్దున లేచి చొక్కా ఇస్త్రీ చేసుకునేది ఆ సీటు కోసం. ఒక ఏడాది మాస్టారుగా బతికించాను. నువ్వేం చేశావు? పొద్దున్నే వచ్చి దొంగతనం చేశావు."

"నేను ఒక్కరోజు అబద్ధమాడాను!"

"మొదటిరోజు నేనూ అలాగే అనుకున్నాను."

ఇలాంటి ఇళ్ళల్లో నిజం మాట్లాడేవాళ్ళ నోరే ఎప్పుడూ మూతపడుతుంది, అదేం న్యాయమో! పెద్దమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. "ఇవాళ్టితో సరి," అంది. "తాళాలు తీసింది నేనేనని చెప్పేస్తాను. ఎందుకు తీశానో చెప్తాను. తిడితే పడతాను. కానీ నీ పద్ధతికి నేను మాత్రం తోడు రానమ్మా. దారం కొనాలని, దర్జీ దగ్గరికెళ్ళాలని ఆయన్ని మోసం చెయ్యను."

"చెప్పనక్కర్లేదు," అన్నారు మాస్టారు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో. గదిలో సొరుగుల చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఇద్దరికీ అప్పుడు తోచింది.

"వెనకాల ఏం జరుగుతోందో తల తిప్పకుండా చూడమని నీకు నేర్పింది ఎవరు?"

"మీరే నాన్నా."

"పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. అద్దంలో అంతా కనబడుతోంది. పిల్లిలా వచ్చావు. మేకు మీంచి తీశావు. రెయిన్‌కోటు జేబులో వేశావు."

పెద్దమ్మాయి గోడను వదిలి నిటారుగా నిలబడింది.

"నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూశాను. ఇల్లంతా తిరిగాను, అరిచాను, దిండ్లు కొట్టాను. నువ్వు కాఫీ ముందు కూర్చుని చూస్తున్నావు. 'గుర్తు తెచ్చుకోండి నాన్నా' అని వాడంటుంటే కూడా చూస్తున్నావు." ఆయన గొంతు ఇప్పుడు అరుపు కాదు. అరిచినా బాగుండేది. "నాకు మతి పోయిందని నేను నమ్మాలనే చూశావు."

"నాన్నా, నిన్న చౌరస్తాలో..."

"నిన్నటి మాట వద్దు. ఇవాళ నువ్వు చేసింది చెప్పు. కాలు వణికేవాడిని కూడా నేను ఒక్కనాడు కించపరచలేదు. నా బిడ్డ నన్ను కించపరిచింది."

ఆమెకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, తన మీద. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. ఇంత స్పష్టంగా చూసినవాడికి, ఇంత ఓపిగ్గా కనిపెట్టినవాడికి జబ్బేమిటి? తనే పొరబడిందా? నిన్నటిది నిజంగానే చిరాకా? అలా అనుకుంటే ఎంత హాయిగా ఉందో! డాక్టరూ వద్దు, టైమూ వద్దు.

"తప్పైపోయింది నాన్నా," అంది. "తెచ్చిస్తాను."

"నువ్వు తెచ్చేదేమిటి? అప్పుడే, నువ్విటు వంటింట్లోకి రాగానే సగం గడ్డంతోనే వెళ్ళి తీసేసుకున్నాను." మాస్టారు భార్య వైపు చూసి చిన్నగా నవ్వారు. ఎన్నో నెలల తర్వాత నవ్విన నవ్వు. "మెల్లిగా మాస్టారట! నీ కూతురికన్నా జోరుగానే ఉన్నాను."

చొక్కా జేబులో చెయ్యి పెట్టారు.

ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత ప్యాంటు జేబులోకి వెళ్ళింది. రెండో జేబులోకి వెళ్ళింది. మళ్ళీ చొక్కా జేబులోకి వచ్చింది.

పెద్దమ్మాయి ఆయన పక్కనుంచి తప్పుకుని హాల్లోకి పరిగెత్తింది. రెయిన్‌కోటు రెండు జేబులూ బయటికి లాగి చూసింది. ఖాళీ. ఆయన అబద్ధమాడలేదు. తీసుకున్నారు. సగం గడ్డంతో వెళ్ళి నిజంగానే తీసుకున్నారు.

ఆమె తిరిగొచ్చేసరికి నవ్వు ఆయన మొహం మీదే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తెలియడం లేదు.

"ఇక్కడే..." అన్నారు. "తీశాను కదా. తీసి... అదే..."

కింద నుంచి డాక్టరమ్మ గొంతు వినబడింది. "మాస్టారూ! బయల్దేరదామా?"

మాస్టారు భార్య వైపు తిరిగారు. చౌరస్తాల్లో వెనక సీటు వైపు తిరిగినట్టే తిరిగారు. ఏడాదిగా ఆయన ఆ చూపు చూస్తే ఆవిడ దగ్గర ఏదో ఒక వీధి, ఏదో ఒక కొట్టు సిద్ధంగా ఉండేది.

"ఏవండీ, నాకు..." అని మొదలుపెట్టింది ఆవిడ. ఆగిపోయింది. తాళాలు ఎక్కడున్నాయో ఆవిడకీ తెలియదు. ఎటు తిప్పాలో తెలియని మనిషి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

ఆయన కళ్ళల్లోకి మెల్లిగా ఏదో వస్తోంది. నిన్న లారీ హారన్ మోగినప్పుడూ అదే వచ్చి ఉంటుంది. పెద్దమ్మాయి ఇంక చూడలేకపోయింది.

"నేనే తీశాను నాన్నా!"

మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"మీరు స్నానానికెళ్ళారు కదా. కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి మళ్ళీ నేనే తీశాను. మీరు మర్చిపోలేదు."

మాస్టారి మొహంలోకి రంగు తిరిగొచ్చింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. భుజాలు దిగాయి. ఆ తర్వాత విరుచుకుపడ్డారు.

"చూశావటే నీ కూతుర్ని! ఒకసారి కాదు, రెండుసార్లు! కన్నతండ్రి జేబులో చెయ్యి పెట్టింది! నేను చెప్తూనే ఉన్నాను, నా తాళాలు నేనెక్కడా పడెయ్యలేదని! చెప్తూనే ఉన్నానా లేదా?"

"చెప్తూనే ఉన్నారు," అంది తల్లి. ఆవిడ మొగుడి వైపు చూడటం లేదు. కూతురి వైపు చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, గెలిచానన్న గర్వం కూడా లేదు.

"సరే, అయిందేదో అయింది. పాఠానికి టైమైంది."

మాస్టారు అరచెయ్యి చాపి కూతురి ముందుకొచ్చారు.

"ఏవీ నా తాళాలు? ఇవ్వు."